బొగ్గు బెల్టులో మహిళా రైతులు: వ్యాపార విద్య, నష్టభయ నిర్వహణ – ఒక చారిత్రక పరిశీలన

సింగరేణి చరిత్ర మీకు కొత్త కాదు. 1871లో విలియం కింగ్ ఇల్లెందు పరిసరాల్లో బొగ్గు నిక్షేపాలను గుర్తించడం, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడటం, 1960ల్లో గోదావరి కుడి ఒడ్డున రామగుండం ప్రాంతంలో గనులు తెరుచుకోవడం, 1978లో ఎన్.టి.పి.సి. విద్యుత్ కేంద్రానికి శంకుస్థాపన జరగడం మీరు చదివే ఉంటారు. ఈ చరిత్రలో కార్మికుడు ఉన్నాడు, సంఘాలు ఉన్నాయి, సమ్మెలు ఉన్నాయి. లేనిది ఒక్కరే. ఆ కార్మికుడు బాయికి పోయిన పూట అతని ఊళ్లో రెండెకరాల వరి, ఎకరం పత్తి చెలక చూసుకున్న మనిషి.

భూగర్భ గనుల్లో స్త్రీలు పనిచేయడాన్ని 1952 గనుల చట్టం నిషేధించింది. 2019లో గాని ఆ నిబంధన సడలలేదు. అందువల్ల ఈ ప్రాంతంలో పని విభజన దాదాపు చట్టమే చేసిపెట్టింది: మగవాళ్లు బాయికి, ఆడవాళ్లు పొలానికి. గోదావరిఖని, మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి కాలనీల్లో స్థిరపడ్డ కుటుంబాలు చాలావరకు చుట్టుపక్కల ఊళ్లలోని భూమిని వదులుకోలేదు. నాట్లు, కలుపు, కోత, పశువులు, పాలు ఇంటి ఆడవాళ్ల చేతిలోనే ఉన్నాయి. ఎరువు ఎవరి దగ్గర తేవాలి, ఎంత మిత్తికి తేవాలి, పంట ఎప్పుడు అమ్మాలి అనే నిర్ణయాలు మాత్రం వాళ్ల చేతిలో లేవు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. నెల జీతం వచ్చే ఇంట్లో వ్యవసాయ నష్టం కంటికి కనిపించదు. పత్తి పోయినా జీతం ఆ గుంతను పూడ్చేస్తుంది. కాబట్టి లెక్క రాసే అవసరమే పడదు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షా పదహారు వేల మందికి పైగా ఉద్యోగులు ఉండేవారు. ఇటీవలి కాలంలో ఆ సంఖ్య నలభై వేల దరిదాపులకు వచ్చింది. జీతమనే ఆనకట్ట సన్నబడిన ప్రతి ఇంట్లోనూ, అంతవరకు దాగి ఉన్న వ్యవసాయ నష్టం బయటపడింది. మహిళా రైతుకు లెక్కలు, ధరలు, అప్పులు, బీమా గురించి చదువు ఎందుకు అనే ప్రశ్నకు ఈ ప్రాంతంలో జవాబు అక్కడి నుంచే మొదలవుతుంది.

ఐదు రకాల నష్టభయం

నష్టభయం అంటే నష్టం కాదు. నష్టం వచ్చే అవకాశం. దాన్ని ముందే అంచనా వేసి, తట్టుకునే ఏర్పాటు చేసుకోవడమే నష్టభయ నిర్వహణ. వ్యవసాయ అర్థశాస్త్రంలో దీన్ని సాధారణంగా ఐదు రకాలుగా చూస్తారు: పంట లేదా ఉత్పత్తికి సంబంధించినది, ధరకు సంబంధించినది, డబ్బుకు సంబంధించినది, చట్టానికి సంబంధించినది, మనుషులకు సంబంధించినది. చివరిది చాలామందికి వింతగా తోస్తుంది. ఇంట్లో ఒకరు జబ్బుపడినా, చనిపోయినా, విడిపోయినా సేద్యం ఆగిపోయే ప్రమాదమే అది.

ఈ ఐదింటినీ మహిళా రైతులకు పాఠాలుగా చెప్పే కార్యక్రమం ఒకటి అమెరికాలో పేరు తెచ్చుకుంది. 2003లో ఇల్లినాయ్ రాష్ట్రంలో రూత్ హాంబుల్టన్ అనే వ్యవసాయ విస్తరణ అధికారిణి దాన్ని ప్రారంభించారు. జీవితమంతా పొలం లెక్కలు రాసి, సేద్యంలో భాగస్వామిగా నిలబడిన తన తల్లి పేరు మీద దానికి ‘యానీస్ ప్రాజెక్ట్’ అని పేరు పెట్టారు. కొద్దిమంది స్త్రీలు కొన్ని వారాలపాటు ఒకచోట కూర్చుని తమ సొంత పొలం కాగితాల మీదే లెక్కలు నేర్చుకోవడం దాని పద్ధతి. తర్వాత అది ఎన్నో రాష్ట్రాలకు పాకింది.

అక్కడి స్త్రీకి చదువు ఉంది, బ్యాంకు ఖాతా ఉంది. మన దగ్గర 1980ల్లో చాలామందికి సంతకమే లేదు. అయినా మన ప్రాంతంలో ఇలాంటి విద్య అంతకు ఇరవై ఏళ్ల ముందే మొదలైంది. దానికి తరగతి గది లేదు, ఆ పేరూ లేదు.

డ్వాక్రా నుంచి పొదుపు దాకా

1982–83లో కేంద్ర ప్రభుత్వం యూనిసెఫ్ సహాయంతో దేశంలోని 50 జిల్లాల్లో డ్వాక్రా పథకాన్ని ఆరంభించింది. ఆంధ్రప్రదేశ్‌లో మొదట ఎంపికైన జిల్లాల్లో ఆదిలాబాద్ ఒకటి. అంటే బొగ్గు బెల్టులో గోదావరికి అవతలి ఒడ్డు. పదిహేను ఇరవై మంది స్త్రీల బృందానికి 15,000 రూపాయల మూలనిధి ఇచ్చి, ఏదైనా ఆదాయం వచ్చే పని చేసుకోమన్నారు. ఉద్దేశం మంచిదే. కానీ డబ్బు ముందు వచ్చింది, లెక్క తర్వాత వచ్చింది. చాలాచోట్ల లెక్క రానేలేదు.

ఆ వరుసను తిరగేసింది 1990ల పొదుపు ఉద్యమం. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత వాచకంలో చదివిన ఒక కథ నుంచి సారా వ్యతిరేక ఉద్యమం ఎలా పుట్టిందో మీరు ఆధునిక ఆంధ్ర చరిత్ర పాఠంలో చూశారు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. అదే నెల్లూరులో రోజుకు రూపాయి దాచే ‘పొదుపులక్ష్మి’ కూడా మొదలైంది. సొంత రూపాయి పెట్టిన మనిషి ‘నా రూపాయి ఏమైంది?’ అని అడుగుతుంది. నా దృష్టిలో మన మహిళా రైతుల వ్యాపార విద్యకు తొలి పాఠం ఆ ప్రశ్నే.

ముల్కనూరు: పాల చీటీ చదివిన ఊళ్లు

గోదావరిఖని నుంచి కరీంనగర్ మీదుగా హుస్నాబాద్, హన్మకొండ వైపు వెళితే భీమదేవరపల్లి మండలంలో ముల్కనూరు వస్తుంది. ఒకప్పుడు రామగుండం, ముల్కనూరు రెండూ కరీంనగర్ జిల్లాలోనివే. నేడు ఒకటి పెద్దపల్లిలో, మరొకటి హన్మకొండ జిల్లాలో ఉంది. అక్కడ 1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డి చొరవతో ఏర్పడిన సహకార గ్రామీణ పరపతి సంఘం దేశంలోనే పేరున్న సంఘం. విత్తనం, ఎరువు, అప్పు, అమ్మకం అన్నీ ఒకే కప్పు కింద. అయితే సభ్యుడు కావాలంటే భూమి ఉండాలి. భూమి పట్టా మగవాళ్ల పేరు మీద ఉండేది. ఫలితం మీరే ఊహించవచ్చు.

1990ల ఆరంభంలో వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో సహకార అభివృద్ధి సంస్థ (సి.డి.ఎఫ్.) స్త్రీల పొదుపు సహకార సంఘాలను ప్రోత్సహించింది. ఇక్కడ సభ్యత్వానికి పట్టా అక్కర్లేదు, నెలనెలా పొదుపు చాలు. దానికి చట్టం కూడా కలిసివచ్చింది. 1964 సహకార చట్టం కింద ప్రభుత్వం పాలకవర్గాన్ని రద్దు చేయగలదు. 1995లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ఆ జోక్యాన్ని తొలగించింది. ప్రభుత్వ వాటాధనం లేదు, కాబట్టి ప్రభుత్వ పెత్తనమూ లేదు. ఈ తరహా చట్టం దేశంలో ఇదే మొదటిది. దీని వెనుక రామారెడ్డి, శశి రాజగోపాలన్‌ల కృషి గుర్తుంచుకోదగినది.

పొదుపు సంఘంలో నేర్చుకున్నది ఏమిటి? ఉదాహరణకు ఒక లెక్క చేద్దాం. నాట్ల సమయంలో ఒకామె 20,000 రూపాయలు ‘మూడు రూపాయల మిత్తి’కి తెచ్చిందనుకోండి. అంటే నూటికి నెలకు మూడు, ఏడాదికి 36 శాతం. ఎనిమిది నెలలకు మిత్తి 4,800 అవుతుంది. అదే అప్పు ఏడాదికి 7 శాతం వడ్డీకి దొరికితే సుమారు 933 రూపాయలు. ఈ తేడా పుస్తకంలో చదివితే అంకె. నెల సమావేశంలో పదిమంది ముందు తన పేరు ఎదుట రాసి చదివితే అది పత్తి బస్తా. సభ్యురాలు చనిపోతే ఆమె అప్పు కుటుంబం మీద పడకుండా తీర్చే నిధిని కూడా ఈ సంఘాలు తమ డబ్బుతోనే ఏర్పాటు చేసుకున్నాయి. పైన చెప్పిన ఐదో నష్టభయానికి ఇది ఊరి స్త్రీలు కనిపెట్టుకున్న బీమా.

ఈ పునాది మీదే 2002 ఆగస్టులో ముల్కనూరు మహిళా పాల సహకార డెయిరీ పని మొదలుపెట్టింది. సభ్యులందరూ స్త్రీలు, పాలకవర్గమంతా స్త్రీలు. పాలు ‘స్వకృషి’ పేరుతో అమ్ముడవుతాయి. పాల వ్యాపారం ఎందుకు ఎంచుకున్నారో ఆలోచించండి. వరి డబ్బు ఏడాదికి రెండుసార్లు వస్తుంది, పత్తి డబ్బు ఒకసారి. పాల లెక్క రోజూ ఉంటుంది, చెల్లింపు తక్కువ వ్యవధిలో వస్తుంది. వెన్న శాతాన్ని బట్టి ధర. అంటే ప్రతి ఉదయం ఒక పరీక్ష, ఒక ఫలితం. ఈ రోజు వెన్న ఎందుకు తగ్గింది, దాణా మార్చినందుకా, గేదె ఎదకు వచ్చినందుకా అని ఆలోచించే స్త్రీ ఉత్పత్తి నష్టభయాన్ని లెక్కిస్తున్నట్టే. ఆమె ఆ మాట ఎన్నడూ విని ఉండకపోవచ్చు.

కొత్త చట్టం ఇచ్చిన మరో వెసులుబాటు కూడా ముఖ్యమైనది. సంఘం సేవలను కనీస మేరకు వాడుకున్నవారికే ఓటు హక్కు అని ఉపవిధుల్లో రాసుకోవచ్చు. గేదె లేనివారు, పాలు పోయనివారు డెయిరీని ఏలే ప్రమాదం దీనితో తప్పుతుంది. ‘ఇది పేదలను బయటికి నెట్టదా?’ అని సంపర్క తరగతుల్లో విద్యార్థులు తరచు అడుగుతారు. సమంజసమైన ప్రశ్న. గేదె కొనే స్తోమత లేని కూలీ స్త్రీకి డెయిరీ తనంతట తాను దారి చూపదు. అందుకే పొదుపు సంఘం ముందు, డెయిరీ తర్వాత రావడం ముఖ్యం.

పునుకుల: బొగ్గు బెల్టు దక్షిణపు కొసన

సింగరేణి ప్రధాన కార్యాలయం కొత్తగూడెంలో ఉంది. దానికి దగ్గర్లో, పాల్వంచ మండలంలో పునుకుల ఉంది. 1997–98లో వరంగల్ తదితర జిల్లాల్లో పత్తి రైతుల ఆత్మహత్యలు దేశాన్ని కదిలించాయి. పురుగు మందుకు లొంగలేదు, మందు అప్పుకు లొంగలేదు. పునుకులలోనూ అదే వరుస. మందు అమ్మేవాడే అప్పు ఇచ్చేవాడు, అప్పు ఇచ్చినవాడే పత్తి కొనేవాడు. ఈ మూడు ముడులూ ఒకే చేతిలో ఉంటే రైతుకు ధర అడిగే నోరు ఉండదు.

ఆ ఊళ్లో సెక్యూర్ అనే స్వచ్ఛంద సంస్థ, సుస్థిర వ్యవసాయ కేంద్రం సహకారంతో పురుగు మందులు లేని పద్ధతులు మొదలయ్యాయి. మొదట కొద్దిమందే ముందుకు వచ్చారు. మహిళా సంఘం గట్టిగా పట్టుకున్నాక ఊరంతా కదిలింది. ఐదు కిలోల వేపగింజల పొడిని వంద లీటర్ల నీటికి కలిపి చేసే కషాయం మీలో చాలామందికి తెలిసిందే. దానికి వేసవి చివర పండ్లు రాలినప్పుడు గింజ ఏరాలి, ఆరబెట్టాలి, దంచాలి. సంఘం స్త్రీలు గింజల సేకరణను, పొడి చేయడాన్ని ఒక వ్యాపారంగా చేపట్టారు. ఖర్చు తగ్గించే పనే కొందరికి కూలీ అయింది. 2003 నాటికి పునుకుల తనను పురుగు మందులు లేని ఊరుగా ప్రకటించుకుంది. పత్తి కొనబోమని వ్యాపారులు బెదిరించినా ఊరు వెనక్కి తగ్గలేదు.

చరిత్ర విద్యార్థిగా ఇక్కడ ఒక తేడా పట్టుకోండి. ముల్కనూరు స్త్రీలు ఆదాయం పెంచుకున్నారు. పునుకుల స్త్రీలు ముందుగా పెట్టుబడి తగ్గించుకున్నారు. నష్టభయ నిర్వహణలో రెండోది తక్కువ మెరుపు ఉన్న పని. కానీ అప్పుతో సేద్యం చేసే ఇంటికి అదే ముందు కావాలి.

విస్తరణ: సంఖ్యలు పెరిగాక

2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) ఏర్పడింది. ప్రపంచ బ్యాంకు సహాయంతో ‘వెలుగు’ మొదట ఆరు జిల్లాల్లో వచ్చింది. వాటిలో ఆదిలాబాద్ ఉంది, కరీంనగర్ లేదు. 2003లో మిగతా జిల్లాలకు విస్తరించింది. గోదావరి ఒక ఒడ్డున మందమర్రి, మంచిర్యాలకు ముందు, మరో ఒడ్డున రామగుండానికి తర్వాత. చిన్న సంఘం, గ్రామైక్య సంఘం, మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య అనే మెట్లు అప్పుడు ఏర్పడ్డాయి. 2005 నుంచి ఇది ఇందిరా క్రాంతి పథం. పునుకుల అనుభవం కూడా ఈ మెట్ల ద్వారానే ఇతర జిల్లాలకు చేరింది. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ వచ్చాక, మన ఊళ్ల సంఘం స్త్రీలే ఇతర రాష్ట్రాలకు వెళ్లి సంఘాలు పెట్టడం నేర్పారు. బడి చదువు అంతంతమాత్రమైన స్త్రీలు అధ్యాపకులైన ఈ ఘట్టానికి విద్యాచరిత్రలో దక్కాల్సినంత చోటు దక్కలేదని నా అభిప్రాయం.

ధర నష్టభయం నేర్పిన బడి మాత్రం వడ్ల కొనుగోలు కేంద్రం. గ్రామైక్య సంఘాలు నడిపే ఐకేపీ కేంద్రాల్లో స్త్రీలు తేమ కొలిచే యంత్రం పట్టుకున్నారు. తేమ 17 శాతం దాటితే మద్దతు ధరకు కొనరు. తాలు ఎంత, గన్నీ సంచులు ఎన్ని, టార్పాలిన్ ఉందా, లారీ ఎప్పుడు వస్తుంది, మిల్లులో తరుగు ఎంత కోస్తారు – అన్నీ అక్కడే నేర్చుకోవాలి. యాసంగి వడ్లు కల్లంలో ఉండగా అకాల వాన పడితే ఆ రాత్రి ఎవరూ నిద్రపోరు. ఏ పాఠ్యపుస్తకమూ దీనికి సాటి కాదు.

విస్తరణకు మరో ముఖం కూడా ఉంది. సంఘం ఉన్న ప్రతి ఊరూ సూక్ష్మరుణ కంపెనీలకు సిద్ధంగా ఉన్న బజారు అయింది. ఒకే స్త్రీకి నాలుగు చోట్ల అప్పు, వారం వారం వసూలు. 2010లో సంక్షోభం ముదిరి, అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. సంతకం చేయడం నేర్పాం, సంతకం చేయకపోవడం ఎప్పుడో నేర్పలేదు. పుస్తకం రాసే పనిని జీతానికి పెట్టుకున్న ఒకరికి అప్పగించి, మిగతా సభ్యులు వేలు చూపిన చోట సంతకం చేసిన సంఘాలు ఈ దెబ్బను ఎక్కువగా తిన్నాయి. ఎన్ని సంఘాలు ఏర్పడ్డాయన్నది నివేదికల్లో సులువుగా దొరుకుతుంది. ఎంతమంది తమ పుస్తకాన్ని తామే చదవగలరన్నది దొరకదు. ఒక కార్యక్రమం పెరిగిందా లేదా అని మీరు తేల్చాలంటే రెండో ప్రశ్నతోనే తేల్చాలి.

పట్టాలో లేని పేరు

ఇక మిగిలింది చట్టపరమైన నష్టభయం. దీన్ని ఏ శిక్షణా ఒంటరిగా తీర్చలేదు.

ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. దేశమంతటికీ అది 2005లో గాని రాలేదు. చట్టంలో ముందున్నాం, పహాణీలో వెనకబడ్డాం. 2018 మేలో కరీంనగర్ జిల్లా హుజూరాబాద్ ప్రాంతంలో ప్రారంభమైన రైతుబంధు ఎకరానికి సీజనుకు 4,000 రూపాయల పెట్టుబడి సాయం ఇచ్చింది. అది పట్టాదారుకే. అదే ఏడాది ఆగస్టు 15న వచ్చిన రైతుబీమా, 18 నుంచి 59 ఏళ్ల రైతు చనిపోతే కుటుంబానికి ఐదు లక్షలు ఇస్తుంది. అదీ పట్టాదారుకే. భర్త బాయికి పోతుండగా ముప్పై ఏళ్లు సేద్యం చేసిన స్త్రీ తన పేరు మీద సెంటు భూమి లేకుండా చనిపోతే, ఈ లెక్కలో చనిపోయింది రైతు కాదు. పాత పహాణీలో కనీసం అనుభవదారు గడి ఉండేది. 2020లో వచ్చిన ధరణి రికార్డులో ఆ గడి కూడా పోయింది.

బొగ్గు బెల్టులో దీని బరువు మరింత ఎక్కువ. ఓపెన్‌కాస్ట్ కోసం భూమి పోయినప్పుడు పరిహారం పట్టా పేరు వెంట నడుస్తుంది. నాటు వేసిన చేతి వెంట నడవదు. 2013 భూసేకరణ చట్టం కొంత మార్చింది. భూమి లేకపోయినా మూడేళ్లుగా దాని మీద బతికిన కౌలుదారులు, కూలీల కుటుంబాలను బాధిత కుటుంబాలుగా గుర్తించింది. వితంతువును, విడాకులు పొందిన స్త్రీని, భర్త వదిలేసిన స్త్రీని విడి కుటుంబంగా పరిగణించింది. ఈ సంగతి ఊళ్లో గ్రామసభ జరిగే రోజుకు ముందే తెలిసి ఉండాలి. తర్వాత తెలిస్తే ప్రయోజనం తక్కువ.

సాగు చేసే స్త్రీకి పట్టాతో పని లేకుండా రైతుగా ధ్రువపత్రం ఇవ్వాలని ఎం.ఎస్. స్వామినాథన్ 2012లో రాజ్యసభలో ఒక ప్రైవేటు బిల్లు పెట్టారు. అది చర్చకు నోచుకోకుండానే మురిగిపోయింది. కౌలుదారుల కోసం 2011లో వచ్చిన భూఅధీకృత సాగుదారుల చట్టం కొందరికి రుణ అర్హత కార్డులు ఇచ్చింది. సొంత భర్త భూమినే సాగు చేసే భార్య ఆ కార్డుకు దరఖాస్తు చేసుకోవడం మన ఊళ్లలో ఎవరూ ఊహించని విషయం.

అభ్యాసం

మీ ఊళ్లో, వీలైతే గనికి దగ్గర్లోని ఊళ్లో, సేద్యం చేసే ఒక కుటుంబాన్ని ఎంచుకోండి. వారి అనుమతితో నాలుగు కాగితాలు చూడండి: పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పంట రుణం పుస్తకం, మహిళా సంఘం పుస్తకం, చివరి పంట అమ్మిన తూకం చీటీ. ప్రతి కాగితం మీద ఎవరి పేరు ఉంది, ఆ పని నిజానికి ఎవరు చేశారు అని పక్కపక్కనే రాయండి. తర్వాత ఆ ఇంటి స్త్రీని ఒక్క ప్రశ్న అడగండి: గడిచిన వానాకాలం పత్తికో వరికో మొత్తం ఎంత ఖర్చయింది? ఆమె చెప్పిన అంకెను, భర్త చెప్పిన అంకెను విడివిడిగా నమోదు చేయండి. రెండూ ఒకటి కాకపోతే కారణం వెతకండి, ఎవరినీ తప్పుపట్టవద్దు. మూడు పేజీలకు మించకుండా రాసి సంపర్క తరగతికి తీసుకురండి. పేర్లు మార్చి రాయండి, కాగితాల నకళ్లు జతచేయవద్దు.